విదేశీ పెట్టుబడి గారికి ఓ కరెంటు వినియోగదారుడి ఉత్తరం

మహారాజశ్రీ విదేశీ పెట్టుబడి గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. తమరు ఎక్కడున్నా క్షేమంగానే ఉంటారు. తమకు నష్టం రాకుండా చూసుకునే పూచీ మాదే కదా.

1991లో తలుపులు బార్లా తీసింది మొదలు మిమ్మల్ని కొత్తల్లుడిలా చూసుకుంటున్నాం. భూమి అడిగితే భూమి, నీళ్లడిగితే నీళ్లు, కరెంటులో రాయితీ అంటే అదీ ఇచ్చాం. మిమ్మల్ని పిలవడానికి మా ముఖ్యమంత్రులు దావోస్ చలిలో కోట్లు వేసుకుని తిరుగుతారు. ఈ ఒక్క విషయంలో పార్టీల మధ్య తేడాల్లేవు. మర్యాదల గురించి నాకు పేచీ లేదు. నా గొడవంతా పొగ లెక్క గురించే.

2025 అక్టోబరులో మీరు గూగుల్ పేరు మీద విశాఖకు వస్తున్నామన్నారు. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు, గిగావాట్ స్థాయి డేటా సెంటర్. గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు. పరవాడ దగ్గరున్న సింహాద్రి థర్మల్ కేంద్రం మొత్తం సామర్థ్యమే 2 వేల మెగావాట్లు. అంటే అందులో సగం మీ ఒక్కరికే కావాలి. సర్వర్లకు ఆదివారం సెలవు కూడా ఉండదు. ఏడాదంతా ఫుల్ లోడుతో నడిస్తే 876 కోట్ల యూనిట్లు. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సగటున 700 గ్రాముల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గుణించి చూడండి, 60 లక్షల టన్నులు దాటుతుంది.

స్వచ్ఛ విద్యుత్తులో, నిల్వ ఏర్పాట్లలో, కొత్త లైన్లలో కూడా డబ్బు పెడతామన్నారు. సంతోషం. అదంతా నిజంగా జరిగితే నా లెక్క తప్పుతుంది, తప్పాలనే నా కోరిక. అనుమానమల్లా సాయంత్రం ఏడు దాటాక సంగతి గురించే. సూర్యుడు మీతో ఎంఓయూ చేసుకోలేదు. దేశంలో కరెంటు కేంద్రాల స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతరమే, అంటే బొగ్గు, గ్యాస్ లాంటివి కాల్చనిదే అని మొన్న 2025లో పండగ చేసుకున్నాం. యూనిట్లు లెక్కపెడితే మాత్రం నూటికి డెబ్బై దాకా ఇంకా బొగ్గువే.

ఆ బొగ్గు ఎలా ఉంటుందో మీరు చూసి ఉండరు. ఒడిశా తాల్చేరు నుంచి రైలు వ్యాగన్లలో వస్తుంది. మిల్లులో ఫేస్ పౌడరంత మెత్తగా నూరి బాయిలర్‌లోకి ఊదుతారు. మన బొగ్గులో మూడో వంతు దాకా బూడిదే కాబట్టి అది చెరువులా కట్టిన గుంటల్లోకి పోతుంది. ఎండాకాలం గాలి లేచిందంటే చుట్టుపక్కల ఊళ్లలో డాబా మీద ఆరబెట్టిన వడియాల మీద సన్నగా పరుచుకుంటుంది. మీ ‘క్లౌడ్’ కిందకు దిగితే ఇలాగే ఉంటుంది.

పైగా అంతర్జాతీయ లెక్కల పద్ధతి ఒకటుంది. చిమ్నీ ఏ దేశంలో ఉంటే పొగ ఆ దేశం ఖాతాలోకే. కాలిఫోర్నియాలో ఓ కుర్రాడు పిల్లికి పట్టుపంచె కట్టించి ఏఐతో బొమ్మ గీయించుకున్నా, ఆ సర్వరు ఇక్కడుంటే పొగ మాదే. ఆ తర్వాత సదస్సుల్లో, ‘ఉద్గారాల్లో భారత్ ప్రపంచంలో మూడో స్థానం’ అని మాకే క్లాసు పీకుతారు. తలకు లెక్కేస్తే మాది ఏడాదికి రెండు టన్నులు, అమెరికావాడిది పద్నాలుగు దాకా. ఉక్కు సంగతి ఇంకా ముచ్చట. బొగ్గు కొలిమిలో టన్ను ఉక్కు తీస్తే రెండు టన్నుల పైనే పొగ. ఆ కొలిమి మీ డబ్బుతోనే పెట్టినా, ఆ ఉక్కు ఐరోపాకు పోతే 2026 జనవరి నుంచి కార్బన్ సుంకం. పెట్టుబడి మీది, సుంకం మీ వాళ్లది, పొగ మాత్రం మా గోత్రం.

అబద్ధమాడకూడదు. గాలిమరల్లో, సోలార్ పార్కుల్లో కూడా మీ డబ్బుంది. మీరు తెచ్చిన కొత్త మిషన్లు పాతవాటికన్నా తక్కువ కరెంటు తింటాయి. కాకపోతే పాతవి పది ఉన్నచోట కొత్తవి వంద పెడతారు.

ఇక నా ప్రతిపాదన. మా ఇంటి బిల్లులో ‘ట్రూ అప్’ అని ఓ వరస ఉంటుంది. ఎప్పుడో కరెంటు కొన్న ఖర్చును తక్కువ అంచనా వేశారట, ఆ తేడా ఇప్పుడు వసూలు చేస్తారు. అప్పట్లో కరెంటు కాల్చిన అద్దెవాడు ఖాళీ చేసి పోయినా సరే, ఇప్పుడున్నవాడు కట్టాల్సిందే. మీకూ అలాంటి పొగ ట్రూ అప్ ఒకటి వేయాలి. ఒప్పందంలో ‘గ్రీన్’ అని రాసుకున్నదానికీ, గంటగంటకూ మీ మీటరులోంచి పోయిన బొగ్గు యూనిట్లకూ తేడా తీసి, ఇచ్చిన రాయితీలోంచి కోసేయాలి. ఏడాది చివర ఎక్కడో తయారైన గ్రీన్ కరెంటు తాలూకు సర్టిఫికెట్లు కొని సర్దేస్తామంటే కుదరదు. నేను రాత్రి ఏసీ వేసుకుని, పగలు ఆపేశాను కదా అంటే మీటరు వింటుందా?

ఇది వినగానే మీరు, ‘అయితే పక్క రాష్ట్రానికి పోతాం’ అంటారని తెలుసు. అందుకే ఈ ఉత్తరం కాపీలు చెన్నైకి, ముంబైకి, అహ్మదాబాద్‌కు కూడా పంపుతున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
కేటగిరీ-1 గృహ వినియోగదారుడు