పది నెలల అడ్వాన్స్ ఉన్నంతకాలం బెంగళూరులో అద్దె టైముకు రాదు

బెంగళూరులో ఇల్లు అద్దెకిచ్చిన మనవాళ్లను ఎవరిని కదిపినా ఒకటే గోడు, అద్దె ఒకటో తారీఖుకు పడటం లేదని. మారతహళ్లిలోనో కేఆర్ పురంలోనో ఫ్లాట్ కొని తాము కర్నూలులోనో అమెరికాలోనో ఉండేవాళ్లకు ఈ టెన్షన్ మరీ ఎక్కువ. అందుకని అడ్వాన్స్ ఇంకాస్త గట్టిగా తీసుకుంటారు. అద్దె ఆగిపోవడానికి పెద్ద కారణమే ఆ అడ్వాన్స్ అని నేనంటాను.

ఎలాగో చూడండి. 30,000 అద్దెకు పది నెలల అడ్వాన్స్ అంటే 3 లక్షలు. ఓనర్ ఆ డబ్బు పక్కన పెట్టడు, హోమ్ లోన్‌కో ఊళ్లో పనికో వాడేస్తాడు, ఖాళీ చేస్తామని చెప్పిన రోజు చేతిలో ఏమీ ఉండదు కాబట్టి కొత్తగా దిగేవాళ్లు అడ్వాన్స్ ఇస్తే గానీ పాతవాళ్లకు తిరిగివ్వలేడు. ఈ సంగతి అద్దెకుండేవాళ్లందరికీ తెలుసు. పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పోతుందనీ, గోడకు మేకు కొట్టారనో గీజర్ పాడైందనో ఇంకొంత కోస్తారనీ తెలుసు. అందుకే నోటీసు ఇచ్చిన రోజే అద్దె ఆపేస్తారు. ‘అంకుల్, మిగతా రెండు నెలలూ అడ్వాన్స్‌లో పట్టేసుకోండి’ అని వాట్సాప్‌లో ఒక్క లైను, అంతే. మధ్యలో ఉద్యోగం పోయినా అదే ధీమా, మన డబ్బు ఆయన దగ్గరే ఉందిగా అని. ఓనర్‌దీ అదే ధీమా. మొదటి నెల లేటైతే అడగడు, రెండో నెలా అడగడు, నాలుగో నెలలో ఫోన్ చేసేసరికి బాకీ 1,20,000 అయి కూర్చుంటుంది.

అడ్వాన్స్ రెండు నెలలకు తగ్గించండి. కేంద్రం 2021లో ఇచ్చిన నమూనా అద్దె చట్టం ఇళ్లకు పెట్టిన పరిమితి కూడా అదే. అద్దె తేదీని జీతం పడే తేదీకి మర్నాడు పెట్టి, ప్రతి నెలా ఆ తేదీకి అద్దె దానంతటదే మీ ఖాతాకు వచ్చేలా వాళ్లు బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చాకే తాళాలు ఇవ్వండి. యూపీఐ ఆటోపేని నమ్ముకోకండి, 15,000 దాటిన అద్దెకు అది ప్రతి నెలా పిన్ అడుగుతుంది, మళ్లీ మొదటికే వస్తాం. డబ్బు పడకపోతే మూడో రోజే అడగండి, అది కూడా రాతపూర్వకంగా. పన్ను లెక్కలోకి రాకూడదని నగదు అడిగే ఓనర్లున్నారు, రసీదు ఇవ్వని అద్దె ఎంత బాకీ ఉందో రేపు కోర్టులో ఏం చూపిస్తారు?

పింఛను లేని పెద్దాయన, ఆ అద్దె మీదే బతికేవాడు, అడ్వాన్స్ తప్ప నాకు వేరే భరోసా ఏముందంటే కాదనలేను. ఖాళీ చేయించడానికి కోర్టుకెళ్తే ఏళ్లు పడుతుందన్న ఆయన భయం నిజమే.

ఆ భయం పుట్టింది చట్టంలోని లోటు వల్ల. కర్ణాటక అద్దె చట్టం 1999 నాటిది, బెంగళూరులో నెలకు 3,500 దాటిన అద్దె ఇళ్లకు అది వర్తించదు. 3,500కి ఈ ఊళ్లో పీజీలో ఒక మంచం కూడా దొరకదు! అంటే దాదాపు నగరమంతా ఆ చట్టం బయటే ఉంది, తగవు వస్తే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం పట్టుకుని మామూలు కోర్టుల చుట్టూ తిరగాలి. చెన్నైలో ఉన్న మనవాళ్ల పరిస్థితి వేరు. తమిళనాడు 2017లో చేసిన చట్టం 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. అగ్రిమెంట్ రాతలో ఉండాలి, అధికారి దగ్గర నమోదు కావాలి, వేరేగా ఒప్పుకుంటే తప్ప అడ్వాన్స్ మూడు నెలలే. రెండు నెలల బాకీని నోటీసు అందిన నెలలోపు కట్టకపోతే ఓనర్ నేరుగా రెంట్ కోర్టుకు వెళ్లొచ్చు.

దేశం నలుమూలల నుంచి జీతగాళ్లను రప్పించుకుని వాళ్ల అద్దెల మీద బతికే నగరానికి ఒక రెంట్ కోర్టు లేకపోవడం ప్రభుత్వ వైఫల్యం. బెంగళూరులో ఓటున్న తెలుగు ఓనర్లు ఈసారి ఎమ్మెల్యే ఇంటికొచ్చినప్పుడు రోడ్డు, డ్రైనేజీతో పాటు ఆ 3,500 పరిమితిని ఎప్పుడు ఎత్తేస్తారో కూడా అడగాలి, పక్కన అద్దెకుండేవాళ్లనూ నిలబెట్టుకుని మరీ అడగాలి.