ఓకే, బై, కోల్డ్: ఆ ‘ఫుల్ ఫామ్’ మెసేజ్‌కి జవాబు

‘రోజూ వాడతాం, ఫుల్ ఫామ్ మాత్రం తెలీదు’ అనే మెసేజ్ మళ్లీ బయల్దేరింది. ఫ్యామిలీ గ్రూపులో బాబాయ్ పెట్టాడు, అపార్ట్‌మెంట్ గ్రూపులో సెక్రటరీ గారు ‘తప్పక చదవండి’ అని మరీ పెట్టారు. న్యూస్ అంటే నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్. పెన్ అంటే పవర్ ఎన్‌రిచ్డ్ ఇన్ నిబ్. ఓకే అంటే ఆబ్జెక్షన్ కిల్డ్. బై అంటే బీ విత్ యూ ఎవ్రీటైమ్. కోల్డ్ అంటే క్రానిక్ అబ్‌స్ట్రక్టివ్ లంగ్ డిసీజ్.

న్యూస్ అంటే కొత్త సంగతులు, అంతే. పెన్ లాటిన్ ‘పెన్నా’ నుంచి వచ్చింది, అంటే ఈక. అందులో పవరూ లేదు, నిబ్బూ లేదు.

ఓకే నిజంగానే పొట్టి మాట, కానీ ఇందులో ఎవరి అబ్జెక్షనూ చావలేదు. 1830ల చివర బోస్టన్ పత్రికలవాళ్లకి తప్పు స్పెల్లింగులతో పొడి అక్షరాలు కట్టడం ఓ సరదా. ‘ఆల్ కరెక్ట్’ను ‘ఓల్ కొరెక్ట్’ (oll korrect) చేసి, 1839 మార్చి 23న ‘బోస్టన్ మార్నింగ్ పోస్ట్’లో ఓ.కే. అని అచ్చేశారు. మరుసటి ఏడు ఎన్నికల్లో అమెరికా అధ్యక్షుడు వాన్ బ్యూరెన్ మనుషులు, ఆయన సొంతూరి పేరు మీదుగా ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అంటూ ఓకే క్లబ్బులు పెట్టారు. ఆయన ఓడిపోయాడు, మాట గెలిచింది. 1960లలో అలెన్ వాకర్ రీడ్ అనే భాషా పండితుడు పాత పత్రికలు తిరగేసి ఇదంతా తేల్చారు.

బై దగ్గర మాత్రం మెసేజ్‌కి సగం మార్కులు ఇవ్వాల్సిందే. గుడ్‌బై పుట్టింది ‘గాడ్ బీ విత్ యే’ నుంచి. ‘బీ విత్ యూ’ అందులో ఉంది! దేవుణ్ని తీసేసి ఎవ్రీటైమ్ తగిలించారు, అంతే.

ఇక కోల్డ్. ఆ పేరుతో జబ్బు ఉంది, ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే జబ్బు, డాక్టర్లు ఇప్పుడు ఎక్కువగా సీఓపీడీ అంటారు. అది జలుబు కాదు మహానుభావులారా. జలుబు వైరస్‌తో వచ్చి, వారం పది రోజుల్లో పోతుంది. ఇది ఏళ్ల తరబడి సిగరెట్టు, బీడీ పొగ పీల్చినవాళ్లకి, చుట్ట ముట్టకపోయినా కట్టెల పొయ్యి ముందు జీవితం గడిపిన ఆడవాళ్లకి వస్తుంది, పూర్తిగా పోదు. రెండూ ఒకటే అంటే ముక్కు కారే పిల్లాడి తల్లికి టెన్షన్. అంతకన్నా ఘోరం, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే పెద్దాయన ‘జలుబేలే’ అని ఆవిరి పట్టుకుని కూర్చోవడం. ఆయనకి కావాల్సింది స్పైరోమెట్రీ, గొట్టంలోకి ఊదించే పరీక్ష.

ఈ లెక్కన చారు అంటే ‘చాలా రుచి’ అని రేపు ఇంకొకటి వస్తుంది. రానివ్వండి, దానివల్ల ఎవరి ఊపిరీ ఆగదు. కోల్డ్ లైను మాత్రం చెరిపేసి పంపండి.