మహారాజశ్రీ హెపీస్ బఫర్ గారికి విన్నపం

మహారాజశ్రీ హెపీస్ బఫర్ గారి దివ్యసముఖానికి,

పెద్దపేగు క్యాన్సర్ కణాల లోపలి ఆమ్లత్వాన్ని కొలిచే వృత్తివాళ్లం చేసుకునే విన్నపం.

ద్రవం పీహెచ్‌ను, అంటే ఆమ్లత్వపు కొలతను (అంకె తగ్గితే ఆమ్లం పెరిగినట్టు), అటూ ఇటూ జారకుండా పట్టి ఉంచే బఫర్ తమరు. 1966లో నార్మన్ గుడ్ బృందం మిమ్మల్ని లోకానికి చూపించిన నాటి నుంచి మీకు ఎదురులేదు. తెల్లటి పొడి, నీళ్లలో ఇట్టే కరుగుతారు, బైకార్బొనేట్ బఫర్‌లా గ్యాస్ సిలిండర్ కావాలని మారాం చేయరు. 20 మిల్లీమోలార్ తూచి, పీహెచ్ 7.4కి సర్ది బల్ల మీద పెడితే సాయంత్రం దాకా కదలరు. ఇంత బుద్ధిమంతులను అనుమానించడానికి మనసెలా వస్తుంది? అందుకే చాలామందికి రాలేదు.

మీ సమక్షంలో పెద్దపేగు క్యాన్సర్ కణం ఎంత అమాయకంగా కనబడుతుందో! గ్లూకోజును ఎడాపెడా విరగ్గొట్టి, ఒక్కో అణువుకు రెండు లాక్టేట్లు, రెండు ప్రోటాన్లు పోగేసే ఘటమది. అంత ఆమ్లం చేస్తూ కూడా లోపల 7.2 దగ్గర, వీలైతే ఇంకాస్త పైన, నిలదొక్కుకుంటుంది. కణితిలో దాని చుట్టూ ఉన్న ద్రవం మాత్రం 6.5 నుంచి 6.9 దాకా దిగజారుతుంది. ఈ గుట్టు లాగే పరీక్ష మీకు కొత్తది కాదు. కణాల్లోకి పీహెచ్‌ను బట్టి వెలుగు మారే బీసీఈసీఎఫ్ రంగు ఎక్కించి, 20 మిల్లీమోలార్ అమ్మోనియం క్లోరైడును కొన్ని నిమిషాలు పారిస్తారు. అమ్మోనియా లోపలికి దూరి ప్రోటాన్లను పట్టుకోవడంతో పీహెచ్ లేస్తుంది. వెనకే అమ్మోనియం అయాన్లు నింపాదిగా చేరతాయి. కడిగేయగానే అమ్మోనియా తన దారిన పోతుంది, ప్రోటాన్లను మాత్రం లోపలే దించి పోతుంది. పీహెచ్ మొదటికన్నా బాగా కిందికి జారుతుంది. అక్కణ్నుంచి కణం ఎలా లేచిందన్నదే అసలు లెక్క.

మీ ఏలుబడిలో లేపే పనంతా ఎన్‌హెచ్‌ఈ1దే. ఒక సోడియం అయాన్‌ను లోపలికి రానిచ్చి ఒక ప్రోటాన్‌ను బయటికి నెట్టే ప్రోటీను. లోపల ఆమ్లం పెరిగేకొద్దీ ఉరుకులు పెడుతుంది, 7.2 దాపుకు రాగానే కునుకు తీస్తుంది. బయటి సోడియం తీసేసినా, దాన్ని అడ్డుకునే కారిపొరైడ్ మందు వేసినా పీహెచ్ గీత నేలకు అతుక్కుపోతుంది. ఇంకేం, ఈ కణానికి ఉన్నది ఒకే తలుపు, తాళం మన చేతికొచ్చిందని తీర్మానం రాసేస్తారు. మీరు పక్కనే ఉండి ఊరుకుంటారు. అబద్ధం చెప్పలేదు సరే, నిజాన్ని మూటగట్టి అటకెక్కించారు కదా.

శరీరంలో మీరెక్కడున్నారు స్వామీ? అక్కడున్నది 24 మిల్లీమోలార్ల బైకార్బొనేట్, దానికి జతగా సుమారు 5 శాతం కార్బన్ డయాక్సైడ్. ఆ రెండింటినీ పెట్టి అదే పరీక్ష చేస్తే, కారిపొరైడ్ ఉన్నా గీత లేచే కణాలు కనబడతాయి. సోడియంతో జతకట్టి బైకార్బొనేట్‌ను లోపలికి మోసే ఎస్‌ఎల్‌సీ4ఏ4, ఎస్‌ఎల్‌సీ4ఏ7 లాంటి ప్రోటీన్లు అప్పటికి గానీ పనిలోకి దిగవు. ప్రోటాన్‌ను మోసుకెళ్లి బయట పారేయడం ఒక పద్ధతి. క్షారాన్ని లోపలికే తెచ్చి, ప్రోటాన్‌ను అక్కడికక్కడే కార్బన్ డయాక్సైడ్‌గా మార్చి, ఆ వాయువును పొర గుండా సాగనంపడం రెండోది. ల్యాబుల్లో పెంచే పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో హెచ్‌సీటీ116లో ఏది ఎంత, హెచ్‌టీ29లో ఏది ఎంత అన్నది ఏ కణశ్రేణికి ఆ కణశ్రేణిలో తూచుకోవలసిందే.

మీ భక్తులు ఇక్కడ ఒక అభ్యంతరం లేవదీస్తారు: బైకార్బొనేట్‌లో గీత నెమ్మదిగా లేస్తోందిగా, ఆ దారి బలహీనమేగా అని. వాలు చూసి వేగం చెప్పేస్తే అలాగే ఉంటుంది. నిమిషానికి పీహెచ్ ఎంత మారిందో దాన్ని కణం బఫర్ సామర్థ్యంతో, అంటే పీహెచ్ ఒక యూనిట్ మారడానికి పట్టే ఆమ్లంతో, గుణించాలి. కార్బన్ డయాక్సైడ్ ఉన్నప్పుడు ఆ సామర్థ్యానికి లోపలి బైకార్బొనేట్‌కు 2.3 రెట్లు అదనంగా కలుస్తుంది. లోపల 7.2, వాయువు 5 శాతం అయితే బైకార్బొనేట్ సుమారు 14 మిల్లీమోలార్లు, అంటే పీహెచ్ యూనిట్‌కు మరో 32 మిల్లీమోలార్లు. బరువు పెరిగిన బండి మెల్లగా కదిలిందని ఎద్దును తిట్టినట్టుంటుంది ఆ వాదన.

కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ 9కు మీరు చేసిన అన్యాయం ఇంకా గొప్పది. ఆక్సిజన్ తగ్గినప్పుడు కణం వెలుపలి ముఖాన మొలిచే ఎంజైమ్ అది. బయటికొచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను నీటితో కలిపి బైకార్బొనేట్‌గా, ప్రోటాన్‌గా విడగొడుతుంది. దాంతో లోపలి వాయువు బయటికి పారడం ఆగదు. మీ కొలువులో దానికి చేతినిండా పనే లేదు. పైగా ఎటూ పారగలిగే మీ 20 మిల్లీమోలార్లు ప్రోటాన్లను కణం గడప నుంచి మోసుకుపోతాయి. ఆ జన్యువును తీసేసినా పలుచగా పరిచిన కణాల్లో తేడా కనబడదు, "ఈ ఎంజైమ్ దండగ" అని ముద్ర పడుతుంది. కణాలు ముద్దగా పెరిగిన గోళంలో, నడిమి కణాల నుంచి వాయువు బయటపడటమే గగనమైన చోట, దాని విలువ తెలుస్తుంది.

ఇంతకీ పేగు గోడకు బైకార్బొనేట్ పరాయిది కాదు. క్లోరైడును తీసుకుని బైకార్బొనేట్‌ను పేగులోకి వదిలే ఎస్‌ఎల్‌సీ26ఏ3ని 1993లో కనిపెట్టినప్పుడు, అడినోమాలో (క్యాన్సర్‌గా మారగల పేగు కణితిలో) తగ్గిపోయిందనే దానికి ఆ పేరు పెట్టారు: డీఆర్‌ఏ, అంటే డౌన్ రెగ్యులేటెడ్ ఇన్ అడినోమా. క్షారాన్ని బయటికి పోసే దారి మూతపడితే లోపలి లెక్క ఎటు మొగ్గుతుందో మీ సమక్షంలో చూసేదెలా?

మిమ్మల్ని పూర్తిగా వెళ్లగొట్టమనడం లేదు. ఎన్‌హెచ్‌ఈ1ను విడిగా చూడాలంటే మీరే దిక్కు. పక్కనే రెండో సీసా ఉండనివ్వండి, అంతే: 5 శాతం వాయువు బుడగలతో, 24 మిల్లీమోలార్ల బైకార్బొనేట్‌తో. బయట 6.8 కావాలంటే ఆమ్లం పోయనక్కర్లేదు, బైకార్బొనేట్‌ను 6కి తగ్గించి, లోటును సోడియం క్లోరైడుతో పూడిస్తే చాలు. సిలికోన్ గొట్టాల్లోంచి వాయువు కారిపోతుంది కాబట్టి గొట్టాలు మార్చుకోవాలి. 44 మిల్లీమోలార్ల బైకార్బొనేట్ ఉన్న డీఎంఈఎం అనే కణాల పోషక ద్రవం 10 శాతం వాయువుకు కుదిరింది. దాన్ని 5 శాతంలో పెట్టి, మీతో సర్దుకుంటుందిలే అనుకునేవాళ్లకు దాదాపు 7.7 దక్కుతుంది.

ఇట్లు,
గ్యాస్ సిలిండర్ మోసేవాళ్లు

తా.క.: 25 డిగ్రీల గదిలో మిమ్మల్ని 7.4కి సర్ది, 37 డిగ్రీల కణాల మీద పోస్తే, డిగ్రీకి 0.014 చొప్పున దిగి 7.23కి చేరతారు. కణం ఆమ్లాన్ని ఎలా తట్టుకుంటుందో చూడబోతూ ముందు మీరే ఆమ్లం కలపడం మర్యాద కాదు.