లోగో దగ్గర ఆగిన ప్లేయర్‌ని పారేయకండి

హైదరాబాద్ పాత పాటల అభిమానుల వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒక సందేశం తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: అప్‌డేట్ చేశాక మ్యూజిక్ ప్లేయర్ లోగో దగ్గర ఆగిపోతే బోర్డు కాలిపోయినట్టే. వెంటనే ఫార్మాట్ కొట్టి చూడాలి. అదే పేరున్న ప్లేయర్ ఫర్మ్‌వేర్ (ప్లేయర్‌ని నడిపించే లోపలి సాఫ్ట్‌వేర్) ఏది దొరికినా ఎక్కించవచ్చు. లోపలి పాటల మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఇందులో ఒక్క మాటా నిలబడదు. పైగా ఫార్మాట్ సలహా వల్ల నిజంగా నష్టం జరుగుతుంది. ఆ ప్లేయర్లలో ఇంట్లో క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్న పాటలుంటాయి, రేడియోలో రికార్డు చేసుకున్న నాటికలుంటాయి. వాటికి రెండో కాపీ ఎక్కడా ఉండదు.

బోర్డు సంగతి ముందు చూద్దాం. లోగో కనబడిందంటే ప్రాసెసర్, స్క్రీన్, బ్యాటరీ మూడూ పనిచేస్తున్నాయి. ఆగింది ఆ తర్వాత లోడ్ కావాల్సిన సాఫ్ట్‌వేర్. 2008 డిసెంబర్ 31న మైక్రోసాఫ్ట్ వారి ‘జూన్’ (Zune) అనే 30 జీబీ మ్యూజిక్ ప్లేయర్లు ఒక్కసారిగా స్టార్టప్ స్క్రీన్ దగ్గర బిగుసుకుపోయాయి. అన్ని బోర్డులూ ఒకే రోజు కాలిపోతాయా? అది లీపు సంవత్సరం. 366వ రోజును లెక్కించలేక గడియారం కోడ్ అంతులేని లూప్‌లో పడింది. బ్యాటరీ పూర్తిగా అయిపోనిచ్చి, మర్నాడు చార్జింగ్ పెట్టమని కంపెనీ చెప్పింది. ప్లేయర్లు లేచి కూర్చున్నాయి.

ఇక ఫార్మాట్. చాలాసార్లు తప్పు ఫర్మ్‌వేర్‌ది కూడా కాదు. అప్‌డేట్ తర్వాత ప్లేయర్ పాటలన్నిటినీ మళ్లీ చదివి జాబితా తయారుచేసుకుంటుంది. ట్యాగ్ (పాట పేరు, గాయకుల వివరాలు ఉండే భాగం) పాడైన ఫైలు ఒక్కటి తగిలినా అక్కడే ఆగిపోవచ్చు. అందుకే మెమరీ కార్డు ఉంటే ముందు దాన్ని తీసి ఆన్ చేయండి. తీయగానే లేచిందా, దోషం కార్డులో ఉంది. కార్డును కంప్యూటర్‌కి పెట్టి పాటలన్నీ కాపీ చేసుకుని, చివరగా ఎక్కించిన ఫైళ్లను తీసేసి చూడండి. 32 జీబీకి మించిన కార్డులు మామూలుగా ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైళ్ల అమరిక పద్ధతిలో వస్తాయి. పాత ప్లేయర్లు చాలావాటికి ఫ్యాట్32 అనే పాత పద్ధతి మాత్రమే తెలుసు. అలాంటి ప్లేయర్ కార్డును ఫార్మాట్ చేయమంటే కార్డు పాడైందని అర్థం కాదు. సరేనని నొక్కితే మాత్రం పాటలు పోతాయి.

పాటలు పోయినట్టేనన్న మాటకు యాపిల్ వారి ఐపాడ్ క్లాసిక్ ప్లేయరే జవాబు. హోల్డ్ స్విచ్ ఒకసారి వేసి తీసి, మెనూ, నడి బటన్ కలిపి లోగో వచ్చేదాకా నొక్కిపట్టండి. లోగో రాగానే నడి బటన్, ప్లే బటన్ పట్టుకోండి. డిస్క్ మోడ్ వస్తే కంప్యూటర్‌కి అది మామూలు డ్రైవ్‌లా కనబడుతుంది. పాటలు మామూలుగా కంటికి కనబడని (హిడెన్) ఫోల్డర్‌లో వింత పేర్లతో ఉంటాయి, కానీ లోపలి ట్యాగులు చెక్కుచెదరవు. వాటిని కాపీ చేసుకున్నాకే రీస్టోర్ జోలికి వెళ్లండి, ఎందుకంటే రీస్టోర్ అన్నీ తుడిచేస్తుంది. కేబుల్ కూడా చూసుకోండి. చౌక కేబుళ్లలో కొన్ని చార్జింగ్‌కి తప్ప డేటాకి పనికిరావు.

ఏ ఫర్మ్‌వేరైనా సరిపోతుందన్నది ఇంకా ప్రమాదం. శాన్‌డిస్క్ వారి సాన్సా ఫ్యూజ్‌నే తీసుకోండి: బయటికి ఒకేలా కనబడే రెండు వెర్షన్లున్నాయి, లోపలి హార్డ్‌వేర్ వేరు. మొదటిదాని ఫర్మ్‌వేర్ నంబరు 01తో, రెండోదానిది 02తో మొదలవుతుంది. ఆ నంబరు చూసుకోకుండా ఏదీ ఎక్కించకండి. ఎక్కిస్తున్నప్పుడు బ్యాటరీ నిండుగా ఉండాలి.

హార్డ్‌వేర్ పోయే సందర్భాలు లేవని కాదు. హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమంటున్నా, నీళ్లు పడినా, ప్లేయర్ వీపు ఉబ్బినా అది రిపేరు పనే. ఉబ్బిన బ్యాటరీని చార్జింగ్ పెట్టనే వద్దు. కోఠీలోనో, అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లోనో చూపించేటప్పుడు మొదటి మాటగానే చెప్పండి: “భయ్యా, లోపలి పాటలు కావాలి, నన్ను అడక్కుండా ఫార్మాట్ చేయొద్దు.” బిల్లు మీద కూడా ఆ ముక్క రాయించుకోండి.