స్థలాభావం వల్ల

విశ్వవిద్యాలయ సాహిత్య పత్రికలో చేరితే సాహిత్యంలోకి అడుగుపెట్టినట్టే అని మీకు ఎవరైనా చెప్పారా? ఆ చెప్పినాయన పత్రికని గుండెకి ఆనించుకుని ఫొటో దిగి ఉంటాడు, లోపల ఒక్క పేజీ కూడా తిప్పి ఉండడు. నేను చేరాను. సహాయ సంపాదకుణ్ణి. గోదావరికి ఏ గట్టున ఉన్న విశ్వవిద్యాలయమో చెప్పను, అన్ని గట్లూ ఒకటే.

మొదటి సమావేశానికి, వచ్చిన కథలన్నీ చదివి, నోట్సు రాసుకుని మరీ వెళ్ళాను. చదువుకున్న కుర్రాణ్ణి చూస్తే మా ప్రధాన సంపాదకుల వారికి ముచ్చటేసింది. "బాబూ, నీకు సందేశాలు అప్పగిస్తున్నాను" అన్నారు. కథలు ఎవరు చూస్తారండీ అని అడిగాను. "అవి ఎక్కడికీ పోవు కదా" అన్నారు.

సందేశమంటే తెలుసు కదా. పత్రిక తెరవగానే నున్నటి ఆర్ట్ పేపరు మీద సూటు వేసుకున్న ఫొటో, దాని కింద "మిక్కిలి సంతోషించుచున్నాను". నాకిచ్చిన జాబితాలో పదకొండు పేర్లున్నాయి. హోదా ప్రకారం ఎవరి ఫొటో ఎవరి ఫొటో కన్నా నూలుపోగంత చిన్నదిగా ఉండాలో పక్కనే పెన్సిలుతో రాసుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. పదకొండు పేర్లు చూసినప్పుడే మేమూ ఇచ్చుకోవాల్సింది.

ఒక పెద్దాయన గది బయట మూడు రోజులు కూర్చున్నాక వారి పీఏ గారు జాలిపడి అసలు రహస్యం చెప్పారు. "మీరే రాసుకొచ్చెయ్యండి బాబూ, సార్ సంతకం పెడతారు." మిగతా పదిమంది దగ్గరా ఇదే మాట. కాబట్టి పదకొండూ నేనే రాశాను. "సాహితీ సౌరభాలు" మూడో సందేశానికే అయిపోయాయి. ఆరోదానికి విద్యార్థుల్లో నిగూఢంగా ఉన్న సృజన మొత్తం వెలికి వచ్చేసింది. ఎనిమిదో దాంట్లో, రెండేళ్ళకోసారి వచ్చే మా వార్షిక పత్రిక ఆచంద్రతారార్కం వర్ధిల్లాలని దీవించుకున్నాను. తొమ్మిదో దాంట్లో సంపాదకవర్గం కృషి శ్లాఘనీయమని రాశాను. మరి నన్ను ఇంకెవరు మెచ్చుకుంటారు?

సంతకానికి వెళ్తే ఆ పెద్దాయన కళ్ళజోడు దించి రెండుసార్లు చదివారు.

"సౌరభాలా? అవతలి బ్లాకు ఆయనకి ఏం రాశావు?"

"పరిమళాలండి."

"ఆయనకి పరిమళాలిచ్చి నాకు సౌరభాలా! ఏది పెద్దది?"

రెండూ ఒకటేనండీ, నిఘంటువులో చూపిస్తానన్నాను. అయితే రెండూ వేసెయ్యమన్నారు. సాయంత్రానికి ఆ కబురు అవతలి బ్లాకుకి చేరింది. వారికి సుగంధాలు కూడా కావాల్సి వచ్చాయి. మర్నాటికి మూడో ఆయన, తనకి వాసనల మీద పట్టింపు లేదనీ, కానీ ఎదటివారి కన్నా ఒక్క మాట తగ్గితే పదవికి మర్యాద కాదనీ చెప్పి పంపారు. వారం తిరిగేసరికి మా పత్రిక మొదటి ఫారం, అంటే మొదటి పదహారు పేజీలు, అగరొత్తుల కొట్టులా తయారైంది. చివరికి సంతకం పెడుతూ పెద్దాయన కాగితం దూరంగా పట్టుకుని చూసుకున్నారు. "ఈసారి బాగా కుదిరింది కదయ్యా? నేను ఇలా రాసి చాలాకాలమైంది."

"ఆయ్, మీ చెయ్యి పడితే కుదరకపోవడమాండీ" అన్నాను. మా వైపు పుట్టినందుకు వెటకారమైనా దక్కింది.

ఈ ఊళ్ళల్లోనే, 1874లో కందుకూరి వీరేశలింగం గారు వివేకవర్ధని పత్రిక పెట్టారు. లంచాలు తినే ఉద్యోగుల్నీ, కోర్టుల్లో సాగే అవినీతినీ అందులో చీల్చి చెండాడారు. పాపం, పద్ధతి తెలియని మనిషి. ముందు ఆ ఉద్యోగుల దగ్గరే తలో సందేశం తెచ్చుకోవాలని చెప్పేవాళ్ళు లేకపోయారు. అంతకు ముందు ఎనిమిది వందల ఏళ్ళ నాడు నన్నయ గారు ఇక్కడే భారతం మొదలుపెట్టి అరణ్యపర్వం దగ్గర ఆగిపోయారు. అదైనా స్థలాభావం వల్ల కాదు.

స్థలాభావం మాకొచ్చింది. పత్రిక మొత్తం నాలుగు ఫారాలు, 64 పేజీలు. మొదటి ఫారం పదహారు పేజీలూ సందేశాలకీ, గ్రూపు ఫొటోలకీ పోయాయి. ప్రెస్సుకి ఇచ్చే రోజున ఇంకో ముగ్గురు పెద్దలకి తాము మిగిలిపోయామని గుర్తొచ్చింది. వాళ్ళకి మూడు పేజీలు కావాలి. రొయ్యల మేత ప్రకటన ఇచ్చిన దాతకి ఇంకో రెండు.

డీటీపీ కుర్రాడు మౌస్ మీంచి చెయ్యి తియ్యకుండానే అడిగాడు. "సరిగ్గా ఐదు పేజీల కథ ఒకటుందండి. యూనికోడ్‌లో పంపారు, ప్రెస్సుకి కావాల్సిన అనూ ఫాంటులోకి మారిస్తే అక్షరాలన్నీ చెదిరిపోయాయి, ఎలాగూ మళ్ళీ కొట్టాలి. తీసెయ్యనాండీ?"

ఆ కథ రాసింది గోదావరి మధ్య లంక ఊరి నుంచి పడవ దాటి వచ్చి చదువుకునే అమ్మాయి. 2022 జూలై వరదలో, ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులు దాటి మూడో హెచ్చరిక వచ్చాక కూడా, గేదెని ఎక్కించుకోకపోతే పడవ ఎక్కనని భీష్మించుకున్న నాయనమ్మ కథ. ఏటిగట్టు మీద టార్పాలిన్ కింద రాత్రుళ్ళు ఆ ముసలామె గేదెతో మాట్లాడే మాటలు, అచ్చం మా లంకల్లో మాట్లాడినట్టే ఉన్నాయి. మా భాషా పరిష్కర్త గారు అప్పటికే గేదెని "పాడిపశువు" చేసి, నాయనమ్మ చేత "రాలేను"కి బదులు "నేను రాజాలను" అనిపించారు. ఆ లంకల్లో ఏ ముసలామైనా ఏనాడైనా "రాజాలను" అందా? సిగ్గుండాలి. వరద బురద ఇంకా గోడల మీద ఉండగా రాసిన కథ అది. ఆ పద్నాలుగు మందిలో ఒక్కరు కూడా వాళ్ళ పేరు కింద ఉన్నది వాళ్ళు రాయలేదు. ఆ అమ్మాయి ప్రతి అక్షరం తనే రాసింది. పైగా ఈ పత్రిక నడిచేది ఎవరి డబ్బుతో? ఏటా ఫీజులో మ్యాగజైన్ ఫీజని రసీదు కోసి మరీ ఆ పిల్లల దగ్గర వసూలు చేసిన డబ్బుతో! రసీదు ఆ అమ్మాయికి, పేజీ మాత్రం సూటుకి. అడ్డం పడాల్సింది నేను. పడలేదు. "తీసెయ్" అన్నది నేనే.

ఆవిష్కరణ సభ ఘనంగా జరిగింది. రంగుకాగితం విప్పారు, చప్పట్లు కొట్టారు, ప్రతివారూ ముందు తమ ఫొటో పేజీ చూసుకుని, ఆ తర్వాత పక్కవారి ఫొటో కొలత చూశారు.

హాలు వెనకాల ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. తనకి ఎవరూ చెప్పలేదు. "అన్నయ్య గారూ, రెండు కాపీలు ఇస్తారా? ఒకటి మా నాయనమ్మకండి. చదవడం రాదు గానీ, చూపిస్తానండి" అంది.

కాపీలు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఈలోగా వేదిక మీంచి మైకులో నా పేరు పిలిచారు. పద్నాలుగో శాలువా ఎక్కడ పెట్టానో అని.