శామ్ గారి తలకి ఏ ప్రమాదమూ లేదు

మీ ఫోన్లో ఒకసారి స్టార్ హ్యాష్ సున్నా ఏడు హ్యాష్ కొట్టి చూడండి. చాలా ఫోన్లలో సార్ (SAR) అని ఒక అంకె వస్తుంది, ఫోన్ రేడియేషన్ ఒంట్లోకి ఎంత ఇంకుతుందో చెప్పేది, తలకి ఇంత ఒంటికి ఇంత అని. నా ఫోన్లో దాని పక్కనే చిన్నక్షరాల్లో ఇంకో ముక్క ఉంది, 15 మిల్లీమీటర్ల దూరంలో కొలిచారట. అంటే ఫోన్ జేబులో ఉన్నప్పుడు దానికీ ఛాతీకీ మధ్య ఒకటిన్నర సెంటీమీటరు ఖాళీ ఉండాలన్నమాట. అలాంటి జేబు కుట్టే టైలర్ ఎవరైనా తెలిస్తే చెప్పండి, సంక్రాంతికి నాలుగు చొక్కాలు కుట్టించుకుంటా.

తల సంగతి ఇంకా బాగుంటుంది. టెస్టు చేసేది మన తల మీద కాదు, శామ్ గారి తల మీద. శామ్ అంటే ల్యాబులో ఉండే బొమ్మ తల. 1980ల చివర్లో అమెరికా సైనికుల కొలతలు తీసి, వాళ్ళలో నూటికి తొంభై మంది మగాళ్ళ కన్నా పెద్ద తల సైజులో చేశారు. లోపల మెదడు ఉండదు, పంచదార ఉప్పు నీళ్ళు లాంటివి కలిపిన ద్రవం ఉంటుంది (పెద్ద పెద్ద పోస్టులకి ఇది చాలు). చెంపకి ఫోన్ ఆనిస్తారు, రోబో చెయ్యి ఆ ద్రవంలో ప్రోబ్ ముంచి కొలుస్తుంది, ఏ గ్రాములో చూసినా కిలోకి 1.6 వాట్ల లెక్క దాటకపోతే ఫోన్ పాస్.

ఈ శామ్ గారిని ఒక్కరోజు హైదరాబాద్ పంపించండి సార్. పొద్దున్నే అమీర్‌పేటలో బండెక్కించి, ఫోన్ని హెల్మెట్‌లోకి దోపి, "మామా వస్తున్నా, పంజాగుట్ట దాటిన" అని దారంతా అరిపించండి. మధ్యాహ్నం సెల్లార్ పార్కింగ్‌లోకి దింపండి, అక్కడ సిగ్నల్ ఒక్క గీతే, టవర్ అందక ఫోన్ పవర్ పెంచుకుంటూ పోతుంది, సరిగ్గా అప్పుడే వాళ్ళావిడ ఫోన్ చేసి ఆడపడుచు సంగతి మొదలుపెట్టాలి. సాయంత్రం రైతు బజార్లో కూరగాయలమ్మే అక్క పక్కన కూర్చోబెట్టండి, ఆవిడ ఫోన్ జాకెట్లో దోపుకుంటుంది, "అక్కా, 15 మిల్లీమీటర్లు" అని చెప్పే బాధ్యత శామ్ గారిదే, ఆవిడ సొరకాయతో కొడితే ఆ దెబ్బకి స్టాండర్డ్ లేదు. రాత్రి లుంగీ మడతలో ఫోన్, పడుకుంటే దిండు కింద ఫోన్, తెల్లారేసరికి శామ్ గారి తలలో పాకం తీగ సాగాలి. (సాగదు లెండి, అంత వేడి రాదు.)

ఇది చదివి నన్ను సెల్ టవర్ల వల్ల పిచ్చుకలు చచ్చిపోయాయి అనే బ్యాచ్‌లో కలపకండి. ఇవి ఎక్స్‌రేల్లా డీఎన్‌ఏని విరగ్గొట్టే తరంగాలు కావు. 2011 లో డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళ క్యాన్సర్ సంస్థ వీటిని "కారణం కావచ్చేమో" గ్రూపులో పెట్టింది, అందులో ఆసియా కూరగాయల పచ్చళ్ళు కూడా ఉన్నాయి, మనం ముద్ద ఆపామా? ఈ అనుమానం సందులో దూరే వాళ్ళు వేరే. 2020 అక్టోబర్లో, కేంద్రం ఆవుల కోసం పెట్టిన రాష్ట్రీయ కామధేను ఆయోగ్ ఛైర్మన్ వల్లభ్‌భాయ్ కథీరియా గారు ఆవు పేడ చిప్ చూపించారు, ఫోన్‌కి పెడితే రేడియేషన్ తగ్గుతుందట. అది నిజంగా అడ్డుపడితే ఫోన్ టవర్ అందుకోవడానికి ఇంకా పవర్ పెంచుతుంది మహాప్రభో!

పేడ చిప్ నవ్వుకోడానికి. ఒళ్ళు మండేది ఆ 1.6 దగ్గర. అది అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1996 లో పెట్టిన అంకె. అప్పుడు మన దగ్గర ఇన్‌కమింగ్‌కి కూడా డబ్బులు, హలో అనడానికే ఆలోచించేవాళ్ళు. 2019 లో కూడా మార్చక్కర్లేదని తేల్చేశారు. 2021 ఆగస్టులో అక్కడి అప్పీల్ కోర్టు, పిల్లల సంగతేంటి, ఏళ్ళ తరబడి వాడితే ఏంటి, కారణం చెప్పకుండా ఎలా తేల్చారు అని మొట్టికాయ వేసి వెనక్కి పంపింది. మనవాళ్ళు 2012 సెప్టెంబర్ 1 నుంచి అదే 1.6 తెచ్చుకుని కఠినమైన రూల్ అని చెప్పుకుంటున్నారు. పెద్ద తల ఎక్కువ పీలుస్తుంది కాబట్టి ఆ టెస్టు చిన్న తలకీ సరిపోతుందని ఎఫ్‌సీసీ వాళ్ళ వాదన. సరిపోతే సంతోషం, ఆ ముక్క లెక్కతో సహా కోర్టుకి రాసివ్వడానికి ఏం రోగం? ఆరేళ్ళ పిల్ల చెవికి ఫోన్ పెట్టి అమ్మమ్మతో మాట్లాడుతుంది, దాని పుర్రె సైనికుడిదా? ప్రమాదం ఉందని నేననట్లేదు రా నాయనా, లేదన్న వాడు కారణం చెప్పాలి కదా, పిల్లల విషయంలో కూడా ఇంత బద్ధకమా!

ఫ్రాన్స్‌లో మాత్రం ఏఎన్‌ఎఫ్‌ఆర్ అని ఒక సంస్థ ఉంది. వాళ్ళు షాపులో అమ్మే ఐఫోన్ 12 తెచ్చి, చేతిలోనో ప్యాంటు జేబులోనో ఉన్నట్టు ఒంటికి ఆనించి కొలిచారు. చేతులకీ కాళ్ళకీ అక్కడి పరిమితి కిలోకి 4 వాట్లు, వచ్చింది 5.74. 2023 సెప్టెంబర్లో అమ్మకాలు ఆపమన్నారు. ఫోన్ వచ్చి అప్పటికే దాదాపు మూడేళ్ళు. ఆపిల్ వాళ్ళు ముందు టెస్టు పద్ధతే తప్పన్నారు, తర్వాత ఫ్రాన్స్ వాళ్ళకి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇచ్చారు, అంకె దిగొచ్చింది. ఫోన్ మార్చలేదు, యాంటెన్నా మార్చలేదు, ఒక అప్‌డేట్. మన అప్‌డేట్లలో కొత్త ఎమోజీలు వస్తుంటాయి.