పనికి మనుషులు దొరకట్లేదంటున్నారు, ముందు పని ఎక్కడికి పోయిందో చెప్పండి

"కూలీలు సోమరులైపోయారు" అనే మాట దయచేసి నా ముందు అనకండి. పాలకొల్లు, భీమవరం వైపు ఏ పెళ్ళి భోజనాల దగ్గర కూర్చున్నా ఇదే వింటున్నాను. ఉపాధి హామీ వచ్చాక, రేషన్ బియ్యం వచ్చాక పనికి ఎవరూ రావట్లేదట. నాకు ఒళ్ళు మండిపోతుంది. ముందు పోయింది పని. మనుషులు ఆ తర్వాతే వెళ్ళారు.

వరి సంగతే చూడండి. ఎకరం ఊడ్చాలంటే, అంటే నాట్లు వెయ్యాలంటే, ఎనిమిది, పది మంది ఆడవాళ్ళు రోజంతా నడుం వంచాలి. ఆ తర్వాత కలుపు, కోత, కుప్ప వెయ్యడం, నూర్పు. వానాకాలం పంట సార్వాకీ ఇంతే, రెండో పంట దాళ్వాకీ ఇంతే. ఆ రెండు పంటల మీదే కూలీల పేటల్లో సంసారాలు నడిచాయి. ఇప్పుడు కోత మిషన్ గంట, గంటన్నరలో ఎకరం కోసి, నూర్చి, ట్రాక్టర్‌లో గింజలు పోసేసి వెళ్ళిపోతుంది. కలుపుకి మందు కొడుతున్నారు. కొన్నిచోట్ల ఊడుపులు మానేసి విత్తనం వెదజల్లుతున్నారు. మిషన్ వద్దని నేననను. తుపాను ముంచుకొస్తున్నప్పుడు రాత్రికి రాత్రి కోయించుకోగలిగితేనే రైతుకి గింజలు దక్కుతాయి. కానీ ఆ మిషన్ వల్ల ఆగిపోయిన కూలి ఎవరిదో కూడా గుర్తుపెట్టుకోవాలి కదా.

ఇక మిగిలింది ఊడుపుల పని. అదీ కాలవ నీళ్ళు వదిలాక అందరికీ ఒకేసారి కావాలి, రెండు మూడు వారాల్లో అయిపోవాలి. ఆ రెండు మూడు వారాల పని కోసం ఏడాదంతా ఊళ్ళో కూర్చుని ఎదురుచూసే మనిషి ఎవరు? మీరుంటారా? అందుకే బెంగాల్ నుంచి కూలీల ముఠాలు వస్తున్నాయి. వాళ్ళని చూపించి మన వాళ్ళని తిట్టడం అన్యాయం. ఉపాధి హామీ కింద ఇంటికి ఏడాదికి వంద రోజుల పనే ఉండేది. మన దగ్గర అది ఎక్కువగా వేసవిలోనే నడిచింది, పొలం పనుల్లేనప్పుడు.

2011లో కోనసీమ రైతులు సార్వా పంట విరామం ప్రకటించారు, అంటే ఆ పంట వెయ్యకుండా చేలు ఖాళీగా వదిలేశారు. ఆ ఏడు సాధారణ రకం వరికి మద్దతు ధర క్వింటాలుకి 1,080 రూపాయలు. పెట్టుబడి కూడా రావట్లేదన్నారు, నిజమే. మురుగు కాలవలు పూడిపోయి చేలు మునిగిపోతున్నాయన్నారు, అదీ నిజమే. కారణాలు తేల్చమని ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా కమిటీని వేసింది. దేశమంతా రైతు గురించి మాట్లాడింది, మాట్లాడాల్సిందే. అయితే ఆ సార్వాలో ఊడుపులు లేని పేటల్లో పొయ్యి ఎలా వెలిగిందన్నది పెద్దగా ఎవరికీ పట్టలేదు. 2022లో మళ్ళీ కోనసీమలో పంట విరామం మాట వచ్చింది. మళ్ళీ అదే మౌనం.

రొయ్యల చెరువుల సంగతి ఇంకా ఘోరం. 2009లో వనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చాక భీమవరం చుట్టుపక్కల చేలు చెరువులైపోయిన తీరు అందరూ చూసిందే. ఎకరానికి వరి కౌలు బస్తాల లెక్క, చెరువు లీజు డబ్బు లెక్క. భూమి ఉన్నవాడు దేనికి మొగ్గుతాడో చెప్పక్కర్లేదు. మొదట నష్టపోయేది కౌలు రైతు. పక్క చేలోకి ఉప్పు ఊట దిగితే ఆ చేను కూడా రెండు మూడేళ్ళకి చెరువైపోతుంది. పదెకరాల వరికి ఊళ్ళో ఎంతమందికి కూలి దొరికేదో, పదెకరాల చెరువు మీద ఎంతమంది బతుకుతున్నారో లెక్క వేసి చూడండి. మేత వెయ్యడానికి, నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు చూసుకోవడానికి, రాత్రి కాపలాకి ముగ్గురో నలుగురో. రొయ్యలు పట్టే రోజున ఒక కూలీల ముఠా. అంతే. ఆడవాళ్ళకి గట్టు మీద పనే లేదు.

ఆ ఆడవాళ్ళే ఇప్పుడు రొయ్యల ప్లాంట్లలో తలలు తీస్తున్నారు, పొట్టు ఒలుస్తున్నారు. మా ఊరి పేటలో ఒకావిడ నాతో అన్న మాట: "ఊడుపులప్పుడు మధ్యాన్నానికి ఇంటికొచ్చి పిల్లకి అన్నం పెట్టేదాన్ని బాబూ. ఇప్పుడు తెల్లారగట్ల వ్యాన్ ఎక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే." రోజంతా ఐసు నీళ్ళలో చేతులు, వేళ్ళు పాచిపోయి ఉంటాయి. కూలి కేజీల లెక్కన, మధ్యలో కాంట్రాక్టరు. సరుకు రాని రోజు పని లేదు, కూలీ లేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు టీవీల్లో కౌంట్ రేట్ల (రొయ్య సైజుని బట్టి ఇచ్చే ధరల) గురించి, ఎగుమతిదారుల గురించి గంటలకొద్దీ చర్చలు పెట్టారు. పని దినాలు తగ్గిన ఈ ఆడవాళ్ళ గురించి నేనైతే ఒక్క చర్చ చూడలేదు.

కోనసీమ నుంచి కువైట్ వెళ్ళే ఆడవాళ్ళది కూడా ఇదే కథ. ముప్పై ఏళ్ళు నిండకుండా ఇంటిపని వీసా మీద పంపకూడదని నిబంధన ఉంది. ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపేస్తారు. అక్కడ ఏదైనా జరిగితే కాగితం మీద ఆ మనిషే లేదు. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలేసి ఎడారికి పోయేవాళ్ళని సోమరులంటారా!

నరసాపురం లేసు అల్లికకి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిందని సంబరపడ్డాం, మంచిదే. గుమ్మంలో కూర్చుని అల్లే ఆవిడ కూలి ఎంత పెరిగిందో కూడా అడగాలి. కొబ్బరి దింపుకి మనుషుల్లేరని అంబాజీపేట వైపు బాధపడుతున్నారు. చెట్టు మీంచి పడితే నడుం విరిగే పనికి కనీసం బీమా అయినా గట్టిగా ఉందా? కడియం నర్సరీలు చూడండి. మొక్కలకి అంట్లు కట్టడం, సంచుల్లో మట్టి నింపడం, నీళ్ళు పెట్టడం, ఏడాది పొడుగునా పని ఉంటుంది. అక్కడికి ఆడవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వెళ్తూనే ఉన్నారు. పని ఉన్నచోటికి మనిషి వెళ్తుంది అనడానికి ఇంకేం రుజువు కావాలి?

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. చెరువుకి అనుమతి ఇచ్చేటప్పుడు సర్వే నంబరు చూస్తారు, నీళ్ళు ఎక్కణ్ణుంచో చూస్తారు, పక్క రైతుల అభ్యంతరం అడుగుతారు. ఆ చేలో ఎన్ని పని దినాలు పోతున్నాయో కూడా ఒక గడిలో రాయించండి, గ్రామసభలో చదివి వినిపించండి. ప్లాంటులో కేజీల లెక్కన పనిచేసే ప్రతి మనిషి పేరూ రిజిస్టర్‌లో ఉండాలి, ఈఎస్ఐ, పీఎఫ్ కాంట్రాక్టరు దగ్గర ఆగిపోకూడదు. వచ్చే గ్రామసభలో మా ఊళ్ళో నేను ఇది అడగబోతున్నాను. మీ ఊళ్ళో మీరూ అడగండి, పేట ఆడవాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టి అడగండి.